ఆకాశంలో రాయి... దొడ్లో గేదె

“పోయేదానికి చదువెందుకు?”

ఈ మాట మా ఇంట్లో రెండుసార్లు వినబడింది. మొదటిసారి 1979లో, మా నాన్న నోటివెంట. రెండోసారి 2025 ఫిబ్రవరిలో, మా అక్క మనవరాలి నోటివెంట. రెండుసార్లూ కారణం ఆకాశమే.

ఆ ఫిబ్రవరి 19న, బుధవారం రాత్రి తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు అక్క ఫోన్ చేసిందంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. గుండె దడదడలాడుతూనే ఎత్తాను.

“ఏమే, మళ్లీ ఏదో మీద పడుతుందట కదా?” అంది.

సంగతేమిటంటే, చీరాలలో అక్క దగ్గరుండి చదువుకుంటున్న మనవరాలు నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు. పుస్తకం తెరవడం లేదు. రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వడం లేదు. నెల తిరిగితే టెన్త్ పరీక్షలు. గట్టిగా అడిగితే ఫోన్‌లో ఏదో వీడియో చూపించిందట. 2032లో ఓ పెద్ద రాయి వచ్చి భూమిని గుద్దుతుందని, గుద్దే దారిలో మన దేశం కూడా ఉందని. “అందరం పోతాం అమ్మమ్మా, పోయేదానికి చదువెందుకు?” అందట.

“నువ్వొచ్చి దానికి నచ్చచెప్పవే. ఆ మాట వింటే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు” అంది అక్క. ఎందుకు ఆడటం లేదో నాకు తెలుసు.

గేదెను అమ్మేసిన రోజు

స్కైలాబ్ గురించి యాభై దాటిన వాళ్లందరూ వినే ఉంటారు. అమెరికా వాళ్లు 1973 మే నెలలో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం అది. బరువు దాదాపు 77 టన్నులు. కొన్నేళ్లకు పట్టు తప్పి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎక్కడ పడుతుందో చెప్పలేమన్నారు. ఆ ‘చెప్పలేం’ అన్న ఒక్క మాట మా బాపట్ల వైపు పల్లెలకు వచ్చేసరికి ‘మన మీదే’ అయి కూర్చుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఊళ్లో పెద్దవాళ్లు కొంతమంది 1962 నాటి అష్టగ్రహ కూటమి కబుర్లు తవ్వి తీశారు. అప్పుడు హోమాలు చేసి ఆపారు గానీ ఈసారి ఆగదన్నారు. కోళ్లను కోసుకు తిన్నవాళ్లు తిన్నారు. అప్పులు తీర్చడం మానేసినవాళ్లు మానేశారు. మాకైతే రోజూ పండగే. బడి లేదు, అడిగినవన్నీ వండి పెడుతున్నారు. చచ్చిపోవడం ఇంత బాగుంటుందా అనుకున్నాను నేను.

మా దొడ్లో ఒక గేదె ఉండేది. పేరుకు నాన్నది, చాకిరీ అమ్మది, పాల డబ్బులు మాత్రం అక్కవి. అంటే అక్క చదువువి. అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేచి, కుడితి పెట్టి, పాలు పిండి, మొదటి బస్సుకు బిందె ఎక్కించేది. ఆ డబ్బుతోనే అక్క బస్సు ఛార్జీలు, నోటు పుస్తకాలు. ఆ జూన్‌లోనే అక్క టెన్త్‌లో చేరింది. మా వీధిలో టెన్త్ దాకా వెళ్లిన మొదటి ఆడపిల్ల.

జూలై మొదటి వారంలో పశువుల బేరగాళ్లు ఊరి మీద పడ్డారు. చూడండి విచిత్రం, అందరూ పోతారన్న భయంతో మావాళ్లు అమ్ముతుంటే, కొనేవాళ్లకు మాత్రం ఏ భయమూ లేదు! గేదెను నాలుగు వందలకు ఇచ్చేశాడు నాన్న. అందులో సగానికి పైగా మాంసాలకూ, మిఠాయిలకూ అయిపోయింది. అమ్మ గుంజ పట్టుకుని ఏడ్చింది. “దాని చదువో?” అని అడిగింది. నాన్న అన్నమాట మొదట్లోనే చెప్పాను.

జూలై 11 రాత్రి పది దాటాక స్కైలాబ్ ముక్కలైపోయి హిందూ మహాసముద్రంలో కొంత, పడమటి ఆస్ట్రేలియాలో జనం పెద్దగా లేనిచోట కొంత పడింది. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. అక్కడ ఎస్పరెన్స్ అనే ఊరివాళ్లు చెత్త వేసినందుకు 400 డాలర్ల జరిమానా కట్టమని అమెరికాకు సరదాగా నోటీసు కూడా పంపారట. వాళ్లకు సరదా అయింది. మాకు మాత్రం తెల్లవారి దొడ్లోకి వెళితే ఖాళీ గుంజ ఉంది.

మళ్లీ గేదెను కొనడానికి మూడేళ్లు పట్టింది. అప్పటికి అక్కకు పెళ్లయింది. నేను ఆ రెండో గేదె పాలతో చదువుకున్నాను.

పెద్దయ్యాక తెలిసింది ఒక సంగతి. స్కైలాబ్ ముక్క ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటని, ఫలానా మనిషికే తగిలే అవకాశం అరవై వేల కోట్లలో ఒకటని అమెరికా వాళ్లు అప్పుడే లెక్క కట్టి చెప్పారట. లెక్క మా ఊరి దాకా రాలేదు. భయం మాత్రం వచ్చింది.

దుద్దు పోయిన లెక్క

గుంటూరులో నేను పిల్లలకు చెప్పేది సోషల్ పాఠం. ఆకాశం నా సబ్జెక్టు కాదు. అందుకని రెండు రోజులు మా స్కూలు ఫిజిక్సు మాస్టార్ని వదల్లేదు. ఆయన ఓపిగ్గా చెప్పారు. శనివారం చీరాల రైలెక్కాను.

ఆ రాయి పేరు 2024 వై.ఆర్.4. చిలీ దేశంలోని ఒక టెలిస్కోపు 2024 డిసెంబరు 27న దాన్ని కనిపెట్టింది. వెడల్పు సుమారు 60 మీటర్లు. గుద్దితే ఒక నగరాన్ని నాశనం చేయగలదు గానీ లోకాన్ని కాదు. 2032 డిసెంబరు 22న భూమికి తగిలే అవకాశం ఉందన్నారు. జనవరి నెలాఖరుకు నూటికి ఒకటి దాటింది. ఫిబ్రవరి 18కి 3.1 అయింది. తగిలితే ఎక్కడ అన్నదానికి తూర్పు పసిఫిక్ నుంచి దక్షిణ అమెరికా, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా ఒక గీత గీశారు. మనవరాలు చూసిన వీడియోలో ఇదంతా నిజమే. నిజానికి వెనక సంగీతం మాత్రమే వాళ్లు కలిపింది.

తమాషా ఏమిటంటే, నేను చీరాల చేరేసరికే ఆ 3.1 కాస్తా పావు దగ్గరికి దిగిపోయింది. హమ్మయ్య అనుకుంటూ వెళ్లి చెప్పాను. పిల్ల నన్ను జాలిగా చూసింది.

“చిన్నమ్మమ్మా, మొన్న మూడన్నారు. ఇవాళ పావంటున్నారు. జనం భయపడుతున్నారని దాచేస్తున్నారు. లేకపోతే రెండు రోజుల్లో రాయి దారి మార్చుకుంటుందా?”

నిజమే కదా! నాకూ అదే అనుమానం వచ్చి మాస్టార్ని అడిగాను. ఆయన చెప్పిన లెక్క నా బుర్రకు ఎక్కలేదు. చీరాల రైల్లో కూర్చున్నాక ఎక్కింది. అంతకు ముందు దసరాకు ఇదే పిల్ల బంగారపు దుద్దు పోగొట్టుకుంది. ఆ కథనే ఎత్తాను.

“నీ దుద్దు పోయినరోజు ఇంట్లో ఎక్కడైనా ఉండొచ్చు అనుకున్నాం కదా. వంటింట్లో, హాల్లో, పడగ్గదిలో, దొడ్లో, నూతిలో. నూతిలో పడి ఉండటమన్నది పదింట్లో ఒక మాట. హాలు ఊడ్చాం, లేదు. వంటిల్లు వెతికాం, లేదు. దొడ్డీ చూశాం, లేదు. ఒక్కో గది వెతికే కొద్దీ మీ అమ్మమ్మ ఏమంది?”

“నూతిలోనే పడిందని ఏడ్చింది.”

“దుద్దు కదిలిందా?”

“లేదు.”

“మరి నూతిలో పడిందన్న భయం ఎందుకు పెరిగింది?”

పిల్ల మాట్లాడలేదు. చివరికి ఆ దుద్దు దిండు గలీబు మడతలో దొరికింది. దొరికిన క్షణంలో నూతి లెక్క సున్నా అయింది. అప్పటిదాకా పెరిగింది దుద్దు గండం కాదు, మనం వెతికిన గదులు.

రాయి కథ కూడా అంతే. కొత్తగా కనిపెట్టినప్పుడు దాని దారి కొద్దిగానే తెలుస్తుంది. ఏడేళ్ల తర్వాత ఫలానా రోజున ఎక్కడుంటుందంటే లక్షల కిలోమీటర్ల పొడుగు పట్టీ ఒకటి గీసి, ఇందులో ఎక్కడైనా ఉండొచ్చంటారు. ఆ పట్టీలో భూమి ఒక చుక్క. రోజూ చూసే కొద్దీ పట్టీ పొట్టిదవుతుంది. చుక్క ఇంకా అందులోనే ఉంటే, పొట్టి పట్టీలో దాని వాటా పెరిగినట్టే కదా. అందుకే ఒకటి, రెండు, మూడు అని పెరుగుతూ పోయింది. ఇంకాస్త పొట్టిదయ్యేసరికి చుక్క పట్టీ బయట పడింది. ఫిబ్రవరి 24కి నూటికి 0.004కు చేరింది. రాయి మాత్రం మొదటినుంచీ తన దారినే తను పోతోంది.

అక్క వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా వింటోంది. “అయితే పెరిగినప్పుడు చెప్పిన వాళ్లు, తగ్గినప్పుడు చెప్పరే?” అంది. మంచి ప్రశ్న. చెప్పారు. కానీ తగ్గిన వార్తకు ఎవరు సంగీతం పెడతారు?

మరి 2029 సంగతో?

అక్కడితో వదిలితే అది మా పిల్ల ఎందుకవుతుంది? “మరి 2029లో ఇంకొకటి వస్తుందటగా, అపోఫిస్?” అంది. అది అబద్ధమని చెప్పడానికి లేదు, ఎందుకంటే అది నిజంగానే వస్తోంది.

సుమారు 340 మీటర్ల రాయి. 2004 జూన్ 19న అరిజోనాలోని కిట్ పీక్ నుంచి ముగ్గురు శాస్త్రజ్ఞులు చూశారు. పేరు ఈజిప్టు పురాణాల్లో సూర్యదేవుడి మీదికి వచ్చే పాముది. మన రాహువు లాంటి వాడన్నమాట. ఆ పేరే సగం భయానికి కారణమని నా అనుమానం. ఏ ‘చిట్టి’ అనో పెట్టి ఉంటే ఇంత గొడవ లేకపోను.

ఆ ఏడాది డిసెంబరు 27 నాటికి దాని లెక్క నూటికి 2.7 దాకా ఎక్కింది. ప్రమాదాన్ని సున్నా నుంచి పది దాకా కొలిచే కొలమానం మీద నాలుగు. మరే రాయికీ ఇంతవరకు అంత రాలేదు. మీకు ఆ తేదీ చూస్తే ఏదైనా గుర్తొస్తోందా? దాని ముందురోజే సునామీ. ఆదివారం, పౌర్ణమి. అప్పుడు నేను చీరాలలోనే పనిచేస్తున్నాను. ఓడరేవు వైపు నుంచి జనం పరుగెత్తుకు వస్తుంటే మేం తలుపులు తీసి పిల్లల్ని లోపలికి లాక్కున్నాం. మర్నాడంతా స్కూల్లో గంజి కాచి, పాత చీరలు పోగేస్తున్నాం. సరిగ్గా అప్పుడే ఎక్కడో శాస్త్రజ్ఞులు 2.7 చూసి తలలు పట్టుకున్నారన్నమాట. మాకు తెలియదు. తెలిసినా పట్టించుకునే స్థితిలో లేము.

ఆ రాయి గండం కూడా ఆ రోజే తీరింది. ఎలాగంటే, అరిజోనాలోనే మరో టెలిస్కోపు ఆ మార్చిలో తీసిన పాత ఫోటోలు వెతికితే, అందులో ఓ మూల ఈ రాయి పడి ఉంది. దుద్దు ఎప్పటినుంచి లేదో తేల్చడానికి పాత పెళ్లి ఫోటోలు తిరగేస్తాం చూడండి, అలాగ. దాంతో దారి తేలిపోయింది, 2029లో తగలదని ఖాయమైంది. మళ్లీ 2021 మార్చిలో రాడార్‌తో చూసి ఇంకో వందేళ్ల దాకా ఢోకా లేదన్నారు.

అయితే దగ్గరగా వస్తుంది, అందులో సందేహం లేదు. మన లెక్కలో 2029 ఏప్రిల్ 14 తెల్లవారుజామున మూడుంపావు ప్రాంతంలో భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తున దాటిపోతుంది. మన టీవీ ప్రసారాలు చేసే ఉపగ్రహాలు తిరిగేది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో. వాటికన్నా లోపలి నుంచి పోతుందన్నమాట. నేను పిల్లకు నిమ్మకాయ పెట్టి చూపించాను. భూమి నిమ్మకాయంత అయితే, అపోఫిస్ జానెడు లోపు దూరంలో పోతుంది. చందమామ నాలుగడుగుల అవతల ఉంటాడు. రాయి ఎంత ఉంటుందంటే, జల్లించిన మైదాపిండిలో ఒక్క రేణువు తీస్తే అంతకన్నా చాలా చిన్నది. “ఇదా!” అని వేలు చూసుకుంది. నాలుగు రోజుల తర్వాత నవ్వడం అదే మొదలు.

ఇంత పెద్ద రాయి ఇంత దగ్గరగా రావడం కొన్ని వేల ఏళ్లకు ఒకసారట. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్లకు టెలిస్కోపు అక్కర్లేకుండానే కదిలే నక్షత్రంలా కనిపిస్తుందంటున్నారు. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదిని గ్రహశకలాల గురించి తెలుసుకునే సంవత్సరంగా ప్రకటించింది కూడా.

ఇక్కడ మీకో మాట. ఆ ఏప్రిల్ 13 శుక్రవారం, పైగా అమావాస్య. శుక్రవారం అమావాస్య, పైన పాము పేరున్న రాయి! ఇంక మనవాళ్లు ఊరుకుంటారా? నల్ల దారాలు, తాయెత్తులు, దిష్టి గుమ్మడికాయల బేరం బ్రహ్మాండంగా సాగుతుంది. ఎవరో ఒకరు వచ్చి ఉన్నది అమ్ముకోమంటారు. కొనడానికి భయపడని వాడెవడో కాస్త గమనించండి.

కిటికీ దగ్గరికి వెళ్లొద్దు

అసలు ఏ రాయీ పడదని నేను పిల్లకు చెప్పలేదు. పడతాయి. రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో 2013 ఫిబ్రవరి 15 పొద్దున సుమారు ఇరవై మీటర్ల రాయి గాల్లోనే పేలింది. సూర్యుడి దిక్కు నుంచి వచ్చింది కనుక ముందుగా ఎవరూ చూడలేకపోయారు. దాదాపు 1,500 మందికి గాయాలు. అయితే ఎవరికీ రాయి తగిలి కాదు, ఎక్కువమందికి అద్దాలు గుచ్చుకుని. పెద్ద వెలుగు రాగానే ఏమిటా అని జనం కిటికీల దగ్గరికి పరుగెత్తారు. రెండు మూడు నిమిషాలకు గాలిదెబ్బ వచ్చి అద్దాలన్నీ మొహాల మీదికి కొట్టింది.

అక్కడ ఓ నాలుగో తరగతి టీచరమ్మ ఆ వెలుగు చూడగానే 44 మంది పిల్లల్నీ బల్లల కిందికి దూరమంది. పిల్లలకు ఏమీ కాలేదు. తను మాత్రం నిలబడే ఉంది. అద్దం తెగి చేతికి పెద్ద గాయమైంది. ఆమె ఆకాశం చదువుకున్న మనిషి కాదు. వెలుగు తర్వాత ఇంకేదో వస్తుందని ఊహించింది, అంతే. టీచర్ని కనుక ఆ బల్లల కింద ఒదిగిన పిల్లలు నాకు కళ్లకు కట్టినట్టు కనబడతారు.

దారి మళ్లించే ప్రయత్నం కూడా మొదలైంది. 2022 సెప్టెంబరు 26న అమెరికా వాళ్లు ‘డార్ట్’ అనే చిన్న నౌకను డైమార్ఫస్ అనే రాయి మీదికి కావాలనే గుద్దించారు. ఆ రాయి మరో పెద్ద రాయి చుట్టూ తిరగడానికి 11 గంటల 55 నిమిషాలు పట్టేది, గుద్దాక 11 గంటల 23 నిమిషాలు అయింది. అరగంట తేడా! మా పిల్లకు అన్నింటికన్నా ఇదే నచ్చింది. “మనమే వెళ్లి గుద్దామా?” అని రెండుసార్లు అడిగింది.

నాకు నచ్చింది వేరే ఉంది. కరోలిన్ షూమేకర్ అని ఒకావిడ. అమెరికాలో 1929లో పుట్టింది. చదివింది చరిత్ర, రాజనీతిశాస్త్రం. కొన్నాళ్లు పంతులమ్మగా చేసి, నచ్చక మానేసి, ముగ్గురు పిల్లల్ని పెంచింది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయి ఏం తోచక, యాభై ఒకటో ఏట భర్త చేసే పనిలోకి దిగింది. రాత్రంతా టెలిస్కోపుతో తీసిన ఫోటోలు రెండేసి పక్కపక్కన పెట్టి, ఏ చుక్క కదిలిందా అని గంటల తరబడి చూడటమే ఆవిడ పని. అలా 32 తోకచుక్కల్నీ, వందల గ్రహశకలాల్నీ పట్టుకుంది. వాటిలో ఒక తోకచుక్కే 1994 జూలైలో ముక్కలు ముక్కలుగా గురుగ్రహం మీద పడి, ప్రపంచమంతా చూసింది. 2021లో తొంభై రెండో ఏట పోయింది. బియ్యంలో రాళ్లేరిన కళ్లకు అది పెద్ద కష్టం కాదని నేనంటే అక్క ఒప్పుకోలేదు. “బియ్యంలో రాయి కదలదే” అంది.

కాసేపాగి, “యాభై ఒకటా? నాకు అరవై. తొమ్మిదేళ్లు ఆలస్యం” అంది. నవ్వుతూ అందో, మామూలుగా అందో తెలియలేదు. చిక్కుడుకాయలు అయిపోయాయి, లేచి వెళ్లింది.

ఆ రాత్రి పిల్ల లైటు ఆర్పి పడుకుంది. మర్నాడు నన్ను స్టేషన్‌లో దింపుతూ అక్క సగం దాచుకున్న మాట బయటపెట్టింది. అది ఆ మాట అన్నప్పుడు తను కొట్టిందట. జీవితంలో ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి. “దాన్ని కాదే కొట్టింది” అంది. నేను ఎవర్ని అని అడగలేదు.

మనవరాలు మార్చిలో పరీక్షలు రాసింది. మార్కులు ఎక్కడా రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది గనుక రాయడం లేదు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది. ఈ మధ్య వెళ్లినప్పుడు గోడ మీద క్యాలెండరు పక్కన పెన్సిలుతో ‘14–4–29, 3.15’ అని రాసి ఉంది.

“ఆ టైముకి మనకు బాగా కనబడేది కాదటే” అన్నాను అక్కతో.

“కనబడకపోతే పోనీ. నేను లేస్తాను” అంది. “ఆ వేళకే కదూ, అమ్మ గేదె దగ్గరికి లేచేది?”